మన ‘అలాగే’, వాళ్ల ‘యా’: జర్మనీ ఆఫీసులో మొదటి ఆరు నెలలు

తమ్ముడూ, ‘అన్నా’ అని పిలిచి అడిగావు కాబట్టి నేనూ చనువుగానే రాస్తున్నాను.

నీ సంగతి ఇదీ. హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు కార్ల ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్‌లో, అంటే కారు లోపలి చిప్‌లలో నడిచే సాఫ్ట్‌వేర్‌లో, పనిచేశావు. బ్లూ కార్డు మీద, అంటే పెద్ద చదువున్న విదేశీ ఉద్యోగులకు ఇక్కడ ఇచ్చే పర్మిట్ మీద, స్టుట్‌గార్ట్ వచ్చి నాలుగు నెలలైంది. ఇచ్చిన పని చేస్తున్నావు, గడువు దాటలేదు, ఎవరితోనూ గొడవ లేదు. అయినా మొన్న మేనేజర్ కూర్చోబెట్టి, “నువ్వు మరీ నిశ్శబ్దంగా ఉంటున్నావు. నీ అభిప్రాయం ఏమిటో మాకు తెలియడం లేదు. ఇంకాస్త చొరవ కావాలి” అన్నాడు. ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది. ఉద్యోగం పోతే వీసా ఏమవుతుందోనని నిద్ర పట్టడం లేదని, ఇంట్లో ఆవిడకి ఇంకా చెప్పలేదని రాశావు.

ముందు ఆ చివరి మాట గురించి. ఇవాళే ఆవిడకి చెప్పు. పరాయి దేశంలో నీ మొహం చూసి ఏదో జరిగిందని కనిపెట్టగలిగిన మనిషి ఆవిడ ఒక్కతే. చెప్పకపోతే తను ఇంతకంటే ఘోరంగా ఊహించుకుంటుంది.

నేను ఈ చుట్టుపక్కల ఊళ్లలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. గత ఏడేళ్లుగా ఒక టీమ్‌ని నడుపుతున్నాను కాబట్టి, ఇలాంటి ప్రొబేషన్ మాటలప్పుడు బల్లకి అటువైపు కూడా కూర్చున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: నాలుగో నెలలో ఆ మాట అన్నాడంటే నీకు టైమిచ్చాడని అర్థం. పంపించేద్దామని తేల్చుకున్నవాడికి నీ అభిప్రాయాలతో పని ఉండదు.

భయం ఎంతవరకు పడాలో లెక్క తెలిస్తే కొంత నిద్ర పడుతుంది. ఇక్కడి చట్టంలో ప్రొబేషన్, వాళ్ల మాటలో ప్రోబెత్సైట్, ఆరు నెలలకు మించకూడదు. ఆ కాలంలో ఎవరివైపు నుంచైనా రెండు వారాల నోటీసుతో ఒప్పందం ముగించవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ఆరు నెలలు దాటాక, పదిమందికి మించి ఉన్న చోటైతే, తీసెయ్యడానికి చట్టం ఒప్పుకునే కారణం చూపించాలి. అందుకే ఇక్కడి మేనేజర్లు నాలుగో నెల, ఐదో నెల వచ్చేసరికి మనిషి గురించి గట్టిగా ఆలోచిస్తారు. ఒకవేళ తీసేసినా సంతకం పెట్టిన కాగితం చేతికివ్వాలి. మెయిల్లో చెబితే చెల్లదు. మీ కంపెనీలో ఉద్యోగులు ఎన్నుకున్న మండలి, అంటే బెట్రీబ్స్‌రాట్, ఉంటే దాన్ని ముందుగా అడగకుండా ఇచ్చిన నోటీసు ప్రొబేషన్‌లో కూడా చెల్లదు. ఉద్యోగం నిజంగా పోతే మూడు రోజుల్లో ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి, రెండు వారాల్లోగా విదేశీయుల కార్యాలయానికి తెలపాలి. బ్లూ కార్డు ఆ మర్నాడే చెల్లకుండా పోదు. కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి గడువుంటుంది. ఎంబెడెడ్‌లో ఎనిమిదేళ్లు చేసినవాడివి. ఇది నీకు అవసరం పడుతుందని నేననుకోను.

ఇక అసలు విషయం. నాకు మొదటి ఏడాది జరిగినది చెబుతాను, నీకు నీ కథే అనిపిస్తుంది.

నేను చేరింది కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో. ప్రతి మంగళవారం ఉదయం తొమ్మిదింటికి మీటింగ్. టెస్టింగ్ చూసే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. శుక్రవారం నా మాడ్యూల్‌ని, అంటే నేను రాసిన భాగాన్ని, పరీక్షలు చేసే టెస్ట్ బెంచ్ మీద పెట్టాలని, దానికి ఏమేం కావాలో ఆవిడ చెబుతోంది. నేను తలూపుతూ “యా... యా...” అంటున్నాను, జర్మన్‌లో అవునని. శుక్రవారానికి అది అవదని నాకు లోపల తెలుసు. వాళ్లు పంపాల్సిన ఒక ఫైలే నాకింకా రాలేదు. కానీ అంతమందిలో, కొత్తగా వచ్చినవాణ్ని, ఆవిడ మాటకి అడ్డెలా చెప్పను? తర్వాత మెల్లిగా చూసుకుందాంలే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి బెంచ్ దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. నా బిల్డ్, అంటే నడపడానికి సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్, లేదు. ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచి స్క్రీన్ నావైపు తిప్పింది. మంగళవారం మీటింగ్ మినిట్స్, ఎవరేం ఒప్పుకున్నారో రాసుకున్న కాగితం. ఏడో వరసలో నా పేరు, పక్కన పని, ఆ పక్కన శుక్రవారం తేదీ. “నువ్వు యా అన్నావు” అంది. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. “కుదరదని మంగళవారమే చెప్పి ఉంటే బెంచ్ ఇంకో టీమ్‌కి ఇచ్చేదాన్ని.” ముగ్గురూ కోట్లు తగిలించుకుని వెళ్లిపోయారు. బెంచ్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. ఆ లైటు నాకు చాలా వారాలు కళ్ల ముందు మెదిలింది.

ఆ శనివారం ఆదివారం ఆలోచిస్తే నాకు తట్టిందిది. చిన్నప్పుడు రాత్రిపూట అమ్మమ్మ కథ చెబుతుంటే మనం ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే “నిద్రపోయావురా?” అని అడుగుతుంది. ఊఁ అంటే వింటున్నానని, అంతే. పెద్దయ్యాక ఆఫీసులో “అలాగే సార్” కూడా ఆ ఊఁ లాంటిదే. మీ మాట నా చెవిన పడింది, మీమీద గౌరవం ఉంది, మిగతాది చూసుకుంటాను అని. “చూద్దాం” అంటే అవదని. “అయిపోతుంది సార్” అంటే ఇంకా మొదలుపెట్టలేదని కూడా కావచ్చు. హైదరాబాద్‌లో మేనేజర్‌కి ఇదంతా తెలుసు. నువ్వు శుక్రవారం అంటే ఆయన మనసులో సోమవారం అని రాసుకుంటాడు, బుధవారం సాయంత్రం నీ సీటు దగ్గరకొచ్చి “ఏమైంది?” అని ఒకసారి కదుపుతాడు. ఆ కదపడంలోనే అసలు సమాచారమంతా బయటికొస్తుంది. అక్కడ అది చక్కగా నడుస్తుంది, ఎవరూ మోసపోరు.

ఇక్కడ ఎవరూ కదపరు. నువ్వన్న మాటకి ఎవరూ రెండు రోజులు కలుపుకోరు. యా అంటే చేస్తానని రాసుకుంటారు, నోరు విప్పకపోతే అభ్యంతరం లేదని రాసుకుంటారు. మనం మర్యాద అనుకుని నోట్లో దాచుకున్నదంతా వాళ్లకి అసలు లేనట్టే లెక్క. నీ మేనేజర్ నీ నిశ్శబ్దాన్ని తప్పుగా చదివాడని నీకు బాధ. నిజానికి అతని చేతిలో చదవడానికి ఏమీ లేదు, తమ్ముడూ. మన మొహమాటాన్ని చదవడం అతనికెవరూ నేర్పలేదు.

కాబట్టి మొదట మార్చుకోవాల్సింది ఆ ఒక్క యా. వింటున్నానని చెప్పాలంటే “అర్థమైంది” అను, అక్కడితో ఆపు. తెలియకపోతే “ఇప్పుడు చెప్పలేను, రేపు పదింటికల్లా చెబుతాను” అను, రేపు పదింటికి నిజంగా చెప్పు. జర్మన్‌లో “ఇష్ క్యుమ్మెరె మిష్ దరుమ్” అనే మాట వింటూ ఉంటావు. ఆ పని సంగతి నేను చూసుకుంటాను అని. ఆ మాట నోటి నుంచి వచ్చిందంటే సంతకం పెట్టినట్టే. ఆ తర్వాత నీకెవరూ గుర్తుచేయరు. మీటింగ్ అయ్యాక వచ్చే మినిట్స్‌ని మనవాళ్లు చాలామంది తెరవరు. నువ్వు అదే రోజు తెరువు. నువ్వు ఒప్పుకోని పని పక్కన నీ పేరుంటే సాయంత్రంలోపు ఒక్క వాక్యం రాసి సరిచెయ్యి. ఇక్కడ దాన్ని ఎవరూ తప్పు పట్టరు. సరిచెయ్యకుండా వదిలేసి శుక్రవారం దాకా ఆగడమే తప్పవుతుంది.

చెడు కబురు ముందు చెప్పడం మనకి అన్నిటికంటే కష్టం. ఎలాగో రాత్రి కూర్చుని పూర్తిచేసి, అసలు ఇబ్బందే లేనట్టు అప్పజెప్పాలని మన ఆరాటం. నువ్వు గడువు ఎక్కడా దాటలేదని రాశావు చూడు, ఎన్ని రాత్రులు కూర్చున్నావో నేను ఊహించగలను. మీ మేనేజర్‌కి ఆ రాత్రులు కనిపించవు. ఇబ్బంది ఎక్కడొచ్చింది, నువ్వు దాన్ని ఎలా చూశావు, ఏ దారి ఎంచుకున్నావు, ఎందుకు ఎంచుకున్నావు, అతను చూడాలనుకునేది అదీ. రాత్రికి రాత్రి ఇబ్బందిని మాయం చేస్తే ఆ ఆలోచన కూడా దాంతోపాటే మాయమైపోతుంది. ‘చొరవ లేదు’ అన్న మాట అక్కడి నుంచి వచ్చి ఉంటుందని నా గట్టి అనుమానం.

చొరవ అంటే పెద్ద గొంతు వేసుకుని మాట్లాడటమని కంగారుపడకు. మేనేజర్‌తో వారం వారం మాట్లాడేటప్పుడు “తర్వాత ఏం చేయమంటారు?” అని అడుగుతున్నావా? మనకది వినయం. అతనికి మాత్రం నీ పని కూడా తనే ఆలోచించాల్సి వస్తోందనిపిస్తుంది. దాన్నే తిప్పి అడుగు: “వచ్చే వారం నేను బూట్‌లోడర్ టెస్ట్‌లు ముందు చేద్దామనుకుంటున్నాను. డయాగ్నస్టిక్స్ తర్వాత పెట్టుకుంటే ఎవరికీ ఆగదు. నీకు అభ్యంతరం ఉందా?” పని అదే, నువ్వూ అదే. తేడా ఏమిటంటే నీ తలలో ఉన్నది ఇప్పుడు బల్ల మీదకొచ్చింది. అతను కాదంటే కాదంటాడు, అక్కడితో అయిపోయింది. నాకు ఇలా అడగడం అలవాటవడానికి ఏడాది పట్టింది. మొదట్లో ఆ వాక్యాలు కాగితం మీద రాసుకుని గదిలోకి వెళ్లేవాణ్ని.

డిజైన్ రివ్యూలో నీ పక్క సీటతను అందరి ముందూ “ఇది తప్పు” అన్నాడని, ఆ రోజు అన్నం సహించలేదని రాశావు. నాకూ జరిగింది. యూనివర్సిటీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాడు, ఆరుగురి ముందు బోర్డు మీద నా బొమ్మ చూపించి “దస్ ష్టిమ్ట్ సో నిష్ట్” అన్నాడు. అది అలా కాదు అని. చెవులు వేడెక్కిపోయాయి. నలుగురిలో పరువు తీశాడు, ఇక వీడితో మాటల్లేవు అనుకున్నాను. పన్నెండింటికి అదే కుర్రాడు జాకెట్ వేసుకుని నా సీటు దగ్గరకొచ్చి “మాల్‌త్సైట్! క్యాంటీన్‌కి వస్తున్నావా?” అన్నాడు. భోజనాల వేళ ఇక్కడి పలకరింపు అది. మొహంలో ఏ తేడా లేదు. అతనికి తప్పు బోర్డు మీద ఉంది, నా మీద లేదు. ఆ మధ్యాహ్నం వాళ్ల పై మేనేజర్ గీసిన టైమ్‌లైన్ చూసి కూడా అవే మాటలు, అదే గొంతుతో అన్నాడు. అది విన్నాక నాకు సగం బరువు దిగింది.

మెచ్చుకోలు కోసం మాత్రం ఎదురుచూడకు. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల మాట్లాడే ష్వేబిష్ యాసలో ఒక సామెత ఉంది: “నెట్ గ్షింప్ఫ్ట్ ఇష్ గ్నుగ్ గ్లోబ్ట్.” తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే అని. నీ కోడ్ చూసి “పస్ట్” అన్నాడంటే, అంటే సరిపోయింది అన్నాడంటే, ఇంటికెళ్లి పాయసం వండించుకోవచ్చు. ఇంత ముక్కుసూటిగా మాట్లాడే ఈ మనుషులే, ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్‌లో, ఆర్బైట్స్‌త్సోయిగ్నిస్ అంటారు, అన్నీ తీపి మాటలే రాస్తారు. ఆ తీపిలో కూడా మెట్లున్నాయి. ‘ఎల్లప్పుడూ మాకు అత్యంత సంతృప్తి కలిగేలా’ అంటే మొదటి ర్యాంకు. ‘ఎల్లప్పుడూ’ అనే మాట లేదంటే ఒక మెట్టు దిగినట్టు. ‘పనిచేయడానికి ప్రయత్నించాడు’ అని రాశారా, అంతకంటే కింద ఇంకేమీ లేదు. మనం “పాపం, చాలా కష్టపడతాడు” అని మనస్ఫూర్తిగా చెప్పే మాట అక్కడ కాగితం మీద పడితే మనిషికి ఉద్యోగం దొరకదు. ఎప్పుడైనా మేనేజర్ మారితే పాతాయన దగ్గర మధ్యంతర సర్టిఫికెట్ అడిగి తీసుకో. చాలామంది అలా తీసుకుంటారు, అడగడంలో మొహమాటపడేదేమీ లేదు.

నువ్వు, మీరు గురించి కూడా అడిగావు. ఇందులో మనకి ఇంగ్లీషువాళ్ల కంటే సులువు, ఎందుకంటే మన భాషలో ఆ రెండూ ఉన్నాయి. వాళ్ల ‘దూ’ మన నువ్వు, ‘జీ’ మన మీరు. ‘జీ’ నుంచి ‘దూ’కు మారే మాట పెద్దవాళ్లో పైస్థాయివాళ్లో ముందు ఎత్తాలి, మన ఇళ్లలో లాగానే. తెలియని మనిషికి, ఇంకో డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ రాస్తుంటే జీతో మొదలుపెట్టు, తప్పుండదు. మనవాళ్లు పొరబడేది ఒకచోట ఉంది. మనకి నువ్వు అంటే చనువు. పెద్దాయన నువ్వు అనమన్నాడంటే దగ్గరివాడయ్యాడని, మనకోసం ఓ మాట సాయం చేస్తాడని అనుకుంటాం. ఇక్కడి ఆఫీసు దూలో ఆ చుట్టరికం లేదు. దూ అంటూనే “ఆ పని నాది కాదు, ఫలానా వాళ్లని అడుగు” అంటారు. ఎవరి పని ఎవరిదో చెప్పడానికి వాళ్లకి ‘త్సూష్టెండిష్’ అని ఒక మాట ఉంది, రోజుకి పదిసార్లు వింటావు. నేను దానికి త్సూష్టెండిష్ కాదు అన్నాడంటే నిన్ను తోసేస్తున్నట్టు కాదు, సరైన తలుపు చూపిస్తున్నట్టు. ఆ తలుపు దగ్గరకి వెళ్తే అక్కడివాడు పని చేసిపెడతాడు, నువ్వెవరివో తెలియకపోయినా.

మధ్యాహ్నం భోజనం మాట. నువ్వు బాక్సు తెచ్చుకుని సీటు దగ్గరే తింటూ ఇంటికి వీడియో కాల్ చేస్తానని రాశావు. మొదటి నాలుగు నెలలు నేనూ అంతే. తర్వాతెప్పుడో ఒకాయన చెప్పాడు, నాకు వాళ్ల మధ్య కూర్చోవడం ఇష్టం లేదేమోనని టీమంతా అనుకుందట. మాంసం తినకపోతే తినకు, బాక్సే పట్టుకెళ్లు, కానీ వాళ్ల బల్ల దగ్గర కూర్చో. వారానికి మూడు రోజులు చాలు. నీ పుట్టినరోజుకి కేకు నువ్వే తెచ్చి వంటగదిలో పెట్టి అందరికీ మెయిల్ పెట్టాలి, ఇక్కడ అదే ఆనవాయితీ. ఎవరి పుట్టినరోజుకైనా ఒకరోజు ముందుగా శుభాకాంక్షలు చెప్పకు, అశుభమనుకుంటారు.

భాష గురించి మేనేజర్ “ఇంగ్లీషు చాలు” అన్నాడన్నావు. పనికి చాలు. కానీ కాఫీ మిషన్ దగ్గర ఐదుగురు నవ్వుకుంటూ ఉంటారు. నువ్వు కప్పు పట్టుకుని వెళ్తావు. వాళ్లు మర్యాదగా ఇంగ్లీషులోకి మారతారు. ఆ మారడంలో నవ్వు ఆగిపోతుంది, రెండు నిమిషాల్లో ఎవరి సీటుకి వాళ్లు వెళ్తారు. నేను దీన్ని ఎన్నోసార్లు చూశాను, అప్పట్లో వెలి వేస్తున్నారనిపించేది. నీకోసం ఎవరూ భాష మార్చుకోనక్కర్లేని రోజు రావాలి, దానికి జర్మన్‌లో బీ1 స్థాయి దాకా, అంటే రోజువారీ మాటలు సొంతంగా నడపగలిగే దాకా, చదివితే దారి తెరుచుకుంటుంది. పైగా బ్లూ కార్డు మీద శాశ్వత నివాసం, భాషలో మొదటి మెట్టైన ఏ1 ఉంటే 27 నెలలకు, బీ1 ఉంటే 21 నెలలకు అడగవచ్చు. పింఛను చందా కడుతూ ఉండాలి, అది నీ జీతంలోంచి ఎలాగూ పోతోంది. మీ ఆవిడని కూడా ఫోక్స్‌హోఖ్‌షూలెలో, అంటే పెద్దవాళ్ల కోసం ఊళ్లో నడిచే బడిలో, సాయంత్రం తరగతికి చేర్పించు. బ్లూ కార్డు వాళ్ల భార్యాభర్తలకి ఇక్కడ మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకునే హక్కుంది. చాలామందికి ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చుంటారు.

హైదరాబాద్ టీమ్‌తో కాల్స్ కూడా నువ్వే చూస్తున్నానన్నావు కదా. ఇందులో రెండు జాగ్రత్తలు. మొదటిది వేళలు. ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు తేడా. తెల్లారి ఆరింటికి కాల్, రాత్రి తొమ్మిదింటికి ఇంకోటి అని ఒప్పుకుంటూ పోతే అంతుండదు. ఇక్కడి పనివేళల చట్టం రోజుకి ఎనిమిది గంటలంటుంది. పది దాకా వెళ్లొచ్చు, కానీ తర్వాత ఆ ఎక్కువని సర్దుబాటు చెయ్యాలి. ఒకరోజు పని ముగిశాక మర్నాటి పనికి మధ్య 11 గంటల విరామం ఉండాలి. రాత్రి పదింటి దాకా కాల్‌లో ఉంటే మర్నాడు తొమ్మిది లోపు మొదలుపెట్టకూడదు. ఆలస్యంగా కూర్చుంటే మంచిపేరు వస్తుందన్నది హైదరాబాద్ లెక్క. నన్ను ఒకరోజు సాయంత్రం ఏడింటికి మా పాత మేనేజర్ చూసి, ఏదైనా కష్టంలో ఉన్నావా, పని ఎక్కువైందా అని నిజంగా కంగారుపడి అడిగాడు. పని ముగిశాక ఉన్న సాయంత్రానికి వాళ్లు ఫైరాబెంట్ అని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు. స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రంలో లోహ పరిశ్రమ కార్మిక సంఘ ఒప్పందం కింద ఉన్న కంపెనీల్లో వారానికి 35 గంటలే, అది 1984 సమ్మెతో మొదలై 1995కి పూర్తిగా చేతికొచ్చింది. కొట్లాడి తెచ్చుకున్న సాయంత్రాలవి.

రెండో జాగ్రత్త నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మూడేళ్లు గడిచాక నాకూ ఇక్కడి మాట తీరు ఒంటబట్టింది. ఒకరోజు పన్నెండుమంది ఉన్న కాల్‌లో హైదరాబాద్ అమ్మాయి చేసిన పని చూసి “ఇది తప్పు, మళ్లీ చెయ్యాలి” అన్నాను. స్క్రీన్ మీద ఆ అమ్మాయి మైకు గుర్తు ఎర్రగా మారింది. తర్వాత ఐదు కాల్స్ దాకా ఆ గుర్తు ఎర్రగానే ఉంది. వాళ్ల లీడ్ నాకు విడిగా రాశాడు: “అన్నా, ఆ అమ్మాయి రెండు రాత్రులు కూర్చుని చేసింది. నలుగురిలో అనకుండా ఉండాల్సింది.” ఆ రోజే ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. అప్పటి నుంచి హైదరాబాద్‌వాళ్లకి చెప్పాల్సిన తప్పు ముందు విడిగా ఫోన్‌లో చెబుతాను, కాల్‌లో పరిష్కారం మాత్రమే మాట్లాడతాను. ఇక్కడి పద్ధతి నేర్చుకుంటూ మన పద్ధతిని పారేసుకోకు. అవతల అది తెలిసిన మనుషులు ఇంకా ఉన్నారు, వాళ్ల మధ్య నువ్వే దుబాసీవి.

జ్వరం వస్తే లాగిన్ అవ్వకు. పని మొదలయ్యే వేళకి ముందే కబురు పెట్టు, పడుకో. మూడు రోజులు దాటితే డాక్టర్ చీటీ కావాలి, ఒప్పందాన్ని బట్టి ముందే అడగవచ్చు. అది డాక్టర్ దగ్గర నుంచి ఇన్సూరెన్స్‌కి ఆన్‌లైన్‌లోనే వెళ్తుంది, 2023 జనవరి నుంచి కంపెనీ దాన్ని అక్కడి నుంచే తీసుకుంటుంది. ఉద్యోగంలో నాలుగు వారాలు దాటాక, ఆరు వారాల దాకా జీతం పూర్తిగా వస్తుంది. సెలవులో ఉండగా జబ్బు చేసి చీటీ తీసుకుంటే ఆ రోజులు సెలవులోంచి తీసెయ్యరు. ఇవన్నీ వాడుకునేవాణ్ని ఇక్కడ బద్ధకస్తుడనుకోరు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇక్కడ జరిగేదంతా ‘వాళ్ల సంస్కృతి’ అని తలూపి భరించకు. ముక్కుసూటితనానికి గుర్తు ఏమిటంటే, ఆ మనిషి నీ పనిని అంటాడు, అదే గొంతుతో తన బాస్‌నీ అంటాడు. నిన్ను మాత్రమే అంటుంటే, నీ ఉచ్చారణనో రంగునో ఊరినో అంటుంటే, అది వేరే సంగతి. తేదీ, వేళ, అన్న మాట, విన్నవాళ్ల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుని బెట్రీబ్స్‌రాట్ దగ్గరకి వెళ్లు. వివక్షకి వ్యతిరేకంగా ఇక్కడ 2006 నుంచి చట్టం ఉంది, కానీ పరిహారం అడగడానికి రెండు నెలలే గడువు. మొహమాటంతో ఆ రెండు నెలలూ పోగొట్టుకున్న మనవాళ్లని నేను చూశాను, ఇప్పటికీ నాకు కడుపులో తిప్పినట్టుంటుంది. నువ్వు రాసినదాన్ని బట్టి నీ టీమ్‌లో అలాంటిదేమీ కనిపించలేదు.

ఇక ఈ వారం చెయ్యాల్సింది. సోమవారం ఉదయం మేనేజర్‌కి మెయిల్ పెట్టు. అతను పిలిచేదాకా ఆగకు. “మొన్న మనం మాట్లాడుకున్నదాని గురించి ఆలోచించాను. అరగంట కావాలి, గురువారం కుదురుతుందా? ఐదో నెల చివర ఇంకోసారి కూర్చుని ఎక్కడున్నామో చూసుకుందాం” అని, అంతే. ధన్యవాదాలు, క్షమించండి, దయచేసి అని మూడు వరసలు చేర్చకు.

గురువారానికి ఒక పేజీ పట్టుకెళ్లు. ఈ నాలుగు నెలల్లో నువ్వు ఒంటరిగా దాటిన ఇబ్బందులు రెండు రాయి, ఏ దారి ఎందుకు ఎంచుకున్నావో రాయి. మీ టీమ్ పనితీరులో నీకు సరిగా లేదనిపించినది ఒకటి రాయి. ఉందిగా? నాకు రాసిన ప్రశ్నలోనే ఉంది, బిల్డ్‌కి నలభై నిమిషాలు పడుతోందని, సగం అనవసరమని. నాలుగు నెలలుగా తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు నువ్వు! దాన్ని ఎలా తగ్గించవచ్చో, నీకు ఎన్ని రోజులు కావాలో రాయి. కింద, మీటింగ్‌లో అడగని ప్రశ్న ఏదైనా ఉంటే ఇకనుంచి అదే రోజు రాసి పంపుతానని చెప్పు. నీకు అంతమందిలో మాట్లాడటం కష్టమని కూడా చెప్పు. ఇక్కడ అది చిన్నతనం కాదు, అజెండా ముందు రోజే పంపమని అడిగే హక్కు నీకు దాంతోనే వస్తుంది.

ఆ పేజీ ఆదివారం రాత్రికి రాసి పెట్టుకో. ఒకసారి ఆవిడకి పైకి చదివి వినిపించు. ఎక్కడ నీ గొంతు తగ్గుతుందో తనే చెబుతుంది, అక్కడ మళ్లీ చదువు.